జన్యు సమాచారము – సమ్మతి ధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలచుట సామాన్య విషయము కాదు. కృష్ణాతీరమునకు గ్రంథాలయములు క్రొత్తవియు కావు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో ఆ పట్టణముననే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి పుస్తకములను పడవపై కెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. చదువు పల్లె గడపకు చేరవలెననుట ఆ పెద్దల ఆశయము. చదువు చేరినచోట, ఎవరో చదివి చెప్పినదానిని నమ్మి వేలిముద్ర వేయు దుఃస్థితి తొలగును. కావున ఈ శుభసందర్భమున, వేలిముద్రకంటె సూక్ష్మమై, వేలిముద్రకంటె ఎక్కువ సంగతులు చెప్పగల ఒక ముద్రను గూర్చియు, దానిని ఇతరులు దాచి యుంచుకొనుటకు కావలసిన సమ్మతిని గూర్చియు విచారించుట సముచితము. ఆ ముద్ర పేరు జన్యు సమాచారము.

మనుష్య శరీరము అసంఖ్యాకములైన జీవకణములతో నిర్మితమైనది. ప్రతి కణమునందును, ఏ కొలది రకముల కణములందో తప్ప, డి.ఎన్.ఏ. అను సన్నని మెలిదారము కలదు. దాని నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నాలుగే అక్షరములతో సుమారు 300 కోట్ల అక్షరముల పొడవున వ్రాయబడిన గ్రంథమువంటిది అది. మనుష్యుని ఆ గ్రంథమును చదువు మహాకార్యము 2003లో ముగిసినట్లు ప్రకటింపబడినది. ఈ గ్రంథములో సగము తండ్రి వ్రాలు, సగము తల్లి వ్రాలు. ఒక రక్తపు బొట్టు, ఒక ఉమ్మి తుంపర, కుదురుతోకూడ ఊడివచ్చిన ఒక వెంట్రుక దొరకినచో చాలును, దానిని చదువ వీలగును.

ఈ విద్యలో తెలుగునాటికి గణనీయమైన స్థానము కలదు. హైదరాబాదులోని సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రములో లాల్జీ సింగు గారు డి.ఎన్.ఏ. ముద్రలను పోల్చు పద్ధతిని ఈ దేశమున నెలకొల్పిరి. 1989లో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక పితృత్వ వివాదములో ఆ పరీక్ష సాక్ష్యముగా నిలచినది. 1996లో ఇదే పనికై హైదరాబాదున ప్రత్యేకముగా డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రము ఏర్పడినది.

దీనివలన కలుగు మేలు కొంచెమైనది కాదు. 2023 జూను 2వ తేదీన ఒడిశాలో బాలేశ్వరము వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదమున కూలినది. అది విజయవాడమీదుగా నడచు బండి. గుర్తింప వీలుకాని మృతదేహములు భువనేశ్వరమున నిలువ యుండగా, బంధువుల రక్తముతో పోల్చి చూచి, ఎవరి బిడ్డను వారికి అప్పగించిరి. తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్తదోషములను పుట్టుకకు ముందే కనుగొనుటకును ఈ విద్యయే ఆధారము. మరియొక ఉదాహరణము తెలుగువారికి మిక్కిలి సమీపమైనది. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకై సక్సినైల్‌కోలీన్ అను మందు ఇత్తురు. సామాన్యులకు కొద్ది నిమిషములలో దాని ప్రభావము తొలగును. తెలుగు వైశ్య కుటుంబములలో కొందరికి, పూర్వమెన్నడో ఒక మూలపురుషునినుండి వచ్చిన జన్యుభేదమువలన, అది త్వరగా తొలగదు. ఊపిరి చాలసేపు స్తంభించును. ఈ సంగతి ముందుగా తెలిసిన వైద్యుడు వేరొక మందు ఇచ్చి ప్రాణము కాపాడును. హైదరాబాదు శాస్త్రజ్ఞులును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో, దక్షిణాసియాలో 260కి పైబడిన జనవర్గములను పరీక్షించి, వానిలో 81 వర్గములకు ఇట్టి బలమైన ఏకమూల సంబంధము కలదని తేల్చిరి. కావున ఇది ఏ ఒక్క కులమునకో సంబంధించిన విషయము కాదు. తమలో తాము పెండ్లిండ్లు చేసికొను వారందరి విషయము. మేనరికములు వాడుకగా నున్న ఈ ప్రాంతమునకు మరింత సంబంధించిన విషయము.

మేలు ఇంత యున్నప్పుడు సమ్మతి ప్రశ్న ఏల పుట్టవలెను? రక్తము ఇచ్చినవాడు ఇచ్చినాడు, పుచ్చుకొన్నవాడు దాచుకొన్నాడు, ఇందులో చిక్కేమి అని కొందరందురు. చిక్కంతయు దాచుకొనుటలోనే యున్నది.

పల్లెలో ప్రతి రైతునకును అవిభక్త కుటుంబపు ఆస్తి అనగా నేమో తెలియును. ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి మాగాణిని ఒక్కడు మాత్రము సంతకము చేసి విక్రయించినచో, మిగిలిన ఇద్దరి భాగములకు ఆ దస్తావేజు కట్టుబడి కాదు. జన్యు సమాచారము అట్టి ఉమ్మడి ఆస్తి. తోబుట్టువుల జన్యులిపిలో సగటున సగము సమానము. ఒకడు తన రక్తము నిచ్చినచో, తనదియే కాక అన్నదమ్ములది, అక్కచెల్లెండ్రది, బిడ్డలది, ఇంకను పుట్టని మనుమలది కూడ కొంత కొంత ఇచ్చినట్లే యగును. పొలమునకైనచో భాగములు కొలిచి హద్దురాళ్లు పాతవచ్చును. ఈ ఆస్తికి హద్దురాయి పాతుటకు వీలులేదు.

ఇది ఊహ మాత్రము కాదు. 1998లో ఐస్‌లాండు దేశము, ప్రజలందరి వైద్య వివరములను ఒక్కచోట చేర్చుటకు ఒక శాసనము చేసినది. వలదని చెప్పనివారందరును ఒప్పుకొన్నట్లే యని దాని భావము. మరణించిన తన తండ్రి వివరములను అందు చేర్చరాదని ఒక యువతి అభ్యంతరపెట్టినది. తండ్రి వివరములనుండి కుమార్తె లక్షణములు ఊహింప వీలగును గావున ఆమెకు అడ్డుచెప్పు హక్కు కలదని 2003లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అమెరికాలో 2018లో, దశాబ్దములపాటు దొరకని ఒక ఘోర హంతకుని, వంశవృక్షములకై ప్రజలు తామై సమర్పించిన జన్యు వివరములలో దూరపు బంధువుల పోలికను పట్టుకొని కనుగొనిరి. హంతకుడు దొరకుట మంచిదే. కాని ఆ బంధువులు తమ వంశచరిత్ర తెలిసికొనుటకు ఇచ్చిరే గాని, పోలీసువారి విచారణకు ఇచ్చినవారు కారు. ఒక పనికి ఇచ్చినది మరియొక పనికి పోయినది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఇది వర్తించును. ఒక చిన్న గొట్టములో ఉమ్మి నింపి పంపినచో పూర్వుల చరిత్ర చెప్పెదమను వర్తక సంస్థలు అచ్చట కలవు. వానిలో పేరొందిన 23అండ్‌మీ అను సంస్థనుండి 2023లో సుమారు 69 లక్షల మంది వివరములు దొంగల పాలైనవి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినది. దివాలాలో బల్లలు, కుర్చీలతోపాటు కోటిమందికి పైబడిన వారి జన్యు వివరములు కూడ అమ్మకపు ఆస్తిగా లెక్కకు వచ్చినవి. కృష్ణాజిల్లా పల్లెనుండి వెళ్లిన కుమారుడు అచ్చట గొట్టము నింపినచో, ఇచ్చట అరుగుమీద కూర్చున్న తండ్రి వంశలిపి కూడ అందులో చేరినట్లే.

ఇక సమ్మతి అనగా నేమో విచారింతురు గాక. భారతమున ఈ విషయమునకు రెండు నిదర్శనములు కలవు. ఆదిపర్వమున ఏకలవ్యుడు, గురుదక్షిణగా ఏమి కోరబడునో తెలియకమునుపే, గురువునకు ఈయరానిది తనకేదియు లేదని మాట యిచ్చెను. అటుపిమ్మట ద్రోణుడు కుడిచేతి బొటనవ్రేలు కోరెను. అరణ్యపర్వమున కర్ణునికి సూర్యుడు కలలో కనబడి, ఇంద్రుడు బ్రాహ్మణ వేషమున వచ్చి కవచకుండలములు యాచించుననియు, ఇచ్చినచో ప్రాణహాని యనియు ముందుగనే తెలిపెను. అడుగువాడెవడో, ఏల అడుగుచున్నాడో, ఇచ్చినచో కలుగు నష్టమేమో తెలిసికొనియే కర్ణుడు ఇచ్చెను. ఇరువురును దాతలే. కాని ఏకలవ్యునిది ఖాళీ కాగితముమీది నిశాని. కర్ణునిది చదివించి విని వ్రాసి యిచ్చిన దస్తావేజు. ఏకలవ్యుడు పోగొట్టుకొన్నది బొటనవ్రేలు. నేడు చదువురానివాడు ఆస్పత్రి కాగితముమీద మోపునదియు ఆ బొటనవ్రేలే.

మరియొక భేదము కూడ గమనింపదగినది. ఏకలవ్యుడు కాదనలేడు, ఏలయన అడిగినవాడు గురువు. రోగి వైద్యుని కాదనలేడు. వసతిగృహములోని పిల్ల వార్డెనును కాదనలేదు. కాదనుటకు వీలులేని చోట అవునను మాటకు విలువ లేదు.

ఈ సత్యము తెలుగునేలమీదనే ఒకసారి బయటపడినది. 2009లో నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము మొదలగు మండలములలో, గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించు టీకాను గూర్చిన ఒక అధ్యయనములో భాగముగా 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల సుమారు 14,000 మంది బాలికలకు టీకాలు వేసిరి. వారిలో ననేకులు గిరిజన బాలికలు, వసతిగృహములలో చదువువారు. తలిదండ్రులు చేయవలసిన సంతకములను అనేక పత్రములపై వార్డెనులును ప్రధానోపాధ్యాయులును చేసిరి. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడినది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తన నివేదికలో సమ్మతి సేకరించిన విధానమును తీవ్రముగా ఖండించినది. టీకా మంచిదా చెడ్డదా యనునది వేరొక ప్రశ్న. మంచి వస్తువునైనను అడుగక ఇచ్చుట ధర్మము కాదని ఆ నివేదిక బోధించుచున్నది. అది జన్యుపరీక్ష కాకపోయినను, రేపు జన్యుపరీక్షకు వచ్చువారు తెచ్చునదియు అట్టి సమ్మతి పత్రమే.

జన్యు విషయమున ఇంతకంటె స్పష్టమైన ఉదంతము అమెరికాలోని హవాసుపాయి అను ఆదిమజాతి వారిది. 1990 మొదలుకొని మధుమేహ పరిశోధనకని వారి రక్తమును ఒక విశ్వవిద్యాలయమువారు తీసికొనిరి. ఆ రక్తమునే తరువాత మతిభ్రమ రోగమును గూర్చియు, ఆ జాతి పూర్వులు ఎచ్చటినుండి వలస వచ్చిరను విషయమును గూర్చియు పరీక్షించిరి. తమ పూర్వులు తాము నివసించు లోయలోనే పుట్టిరని నమ్మినవారికి అది మర్మాఘాతమైనది. 2010లో రాజీ కుదిరి, 7 లక్షల డాలర్లును, మిగిలిన రక్తమును వారికి తిరిగి ఇచ్చిరి. వారు ఆ రక్తమును తమ స్వస్థలమునకు కొనిపోయిరి.

భారతదేశమున శాసనము ఏమి చెప్పుచున్నది? జన్యుపరీక్షకు సమ్మతి కావలెనని స్పష్టముగా విధించిన తొలి చట్టములలో ఒకటి 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టము. ఆడపిల్లల భ్రూణహత్యను ఆపుటకై పుట్టిన చట్టమనియే దానిని ప్రజలెరుగుదురు. దానిలోనే మరియొక నియమము కలదు. గర్భిణికి పరీక్షవలన కలుగు దుష్ఫలితములన్నియు వివరించి చెప్పి, ఆమెకు తెలిసిన భాషలో వ్రాతమూలకముగా సమ్మతి తీసికొని, ఆ పత్రపు నకలును ఆమెకు ఇయ్యవలెను. వివరణ, స్వభాష, నకలు అను ఈ మూడును ప్రతి సమ్మతికిని ఒరవడి కాదగినవి.

2017లో భారత వైద్య పరిశోధనా మండలి ప్రకటించిన నైతిక నియమావళిలో, ఇచ్చిన రక్తమునకును వివరములకును యజమాని ఇచ్చినవాడేయనియు, దాచిన సంస్థ ధర్మకర్త మాత్రమేయనియు సూచింపబడినది. దేవాలయ మాన్యమునకు ధర్మకర్త యజమాని కానట్లే ఇదియును. చదువురానివాని విషయములో పక్షపాతము లేని, చదువు వచ్చిన సాక్షి యుండవలెననియు, ఇచ్చినవాడు ఎప్పుడైనను సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చుననియు అందు కలదు. కాని నియమావళి నియమావళియే. శాసనమునకున్న దండన దానికి లేదు.

అదే సంవత్సరము ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, జస్టిస్ పుట్టస్వామిగారి వ్యాజ్యములో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగముచే రక్షింపబడిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా ప్రకటించినది. ఆ పునాదిమీద 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టమైన పనికై, తెలిసికొని, షరతులు లేక, సందేహమునకు తావులేకుండ ఈయబడవలెనని అందు కలదు. ఇచ్చుట ఎంత సులభమో, తిరిగి తీసికొనుటయు అంత సులభము కావలెను. నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగు ఆ షెడ్యూలులో నున్నది. తెలుగులో చదువు వీలు కల్పించుమని అడుగుట ఇక మొగమోటపడవలసిన విషయము కాదు. ఈ చట్టపు నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన విధులు ప్రకటన నాటినుండి 18 నెలలకు, అనగా 2027లో, అమలునకు వచ్చునట్లు గడువు పెట్టబడినది.

అయినను ఈ కంచెకు కంతలు కలవు. ఈ చట్టము డిజిటల్ రూపమున నున్న సమాచారమునకే వర్తించును. సీసాలో నున్న రక్తము దాని పరిధిలోనికి రాదు. జన్యు సమాచారమును ఫోను నంబరుతో సమానముగా చూచినదే కాని, మిక్కిలి సున్నితమైనదని వేరుగా వర్గీకరింపలేదు. పరిశోధనకును, ప్రభుత్వపు కొన్ని పనులకును మినహాయింపులు ఇచ్చినది. సమ్మతిని ఒక్క వ్యక్తి విషయముగానే చూచినది. ఉమ్మడి వాటాదారులైన రక్తబంధువుల మాట అందు లేదు.

నేర విచారణలో సమ్మతి స్థానము మరింత సన్నగిల్లును. 1920 నాటి పాత చట్టమునకు బదులుగా 2022లో వచ్చిన గుర్తింపు చట్టము, నిర్బంధింపబడిన వారినుండి వేలిముద్రలతోపాటు శరీర నమూనాలను కూడ తీసికొనుటకు అధికార మిచ్చినది. స్త్రీలపై, బాలలపై జరిగిన నేరములును, ఏడు సంవత్సరములకు తక్కువకాని శిక్షగల నేరములును కాక ఇతర నేరములలో మాత్రము, పట్టుబడినవాడు శరీర నమూనాలు ఇయ్యనని చెప్పవచ్చును. సేకరించిన వివరములు 75 సంవత్సరములు నిలువయుండును. పూర్వము శిక్ష పడనివాడు నిర్దోషిగా విడుదలయైనచో, న్యాయస్థానము వేరుగా ఆజ్ఞాపించిననే తప్ప, వానిని నాశనము చేయవలెను. డి.ఎన్.ఏ. నిధులకై ప్రత్యేకముగా 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు 2023 జూలైలో ఉపసంహరింపబడినది. ఏ నమూనా ఎవరి యధీనమున, ఎంతకాలము, ఎవరి తనిఖీ క్రింద ఉండవలెనని ఆ ఒక్క విషయమునకే చేయదలచిన శాసనము ఆ విధముగా మధ్యలో నిలచిపోయినది.

పల్లెలో తరచుగా వచ్చు తగవు ఆస్తి తగవు. దానిపై సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 1వ తేదీన చెప్పిన తీర్పు ప్రతి రైతును తెలిసికొనదగినది. తలిదండ్రుల ఆస్తికి తానే హక్కుదారునని ఒకడు దావా వేసెను. వాడు తమ తలిదండ్రుల కుమారుడే కాడని ఆడుబిడ్డలు వాదించి, డి.ఎన్.ఏ. పరీక్ష కోరిరి. అతడు రక్తము ఈయననెను. ఈయనన్నవానిని బలవంతపెట్టుట అతని స్వేచ్ఛకును గోప్యతకును భంగకరమనియు, ఇతర సాక్ష్యమున్నప్పుడు ఇట్టి పరీక్షను మామూలుగా ఆజ్ఞాపింపరాదనియు కోర్టు నిర్ణయించినది. బడి రిజిష్టరు, రేషను కార్డు, ఊరివారి సాక్ష్యము మొదలగునవి యుండగా, పెంచి పెద్దచేసిన తలిదండ్రుల గౌరవమును రక్తపు బొట్టుతో తూచవలసిన అగత్యము లేదు.

ఇక పరిశోధకుల వాదమును కూడ న్యాయముగా వినవలెను. ప్రతి క్రొత్త పరీక్షకును మరల ఊరూర తిరిగి సంతకములు పెట్టించుకొనుట అసాధ్యమని వారందురు. నమూనాలు దాచనిచో రేపటి మందు పుట్టదందురు. పేదవారి నమూనాలు లేనిచో, పుట్టు మందులు ధనికదేశముల వారి రక్తమునకే సరిపోవుననియు అందురు. ఈ వాదములో బలము కలదు. జీనోమ్ ఇండియా అను ప్రభుత్వ కార్యక్రమము 10,000 మంది భారతీయుల జన్యులిపిని చదివి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టినది. ఆ నిధి హర్యానాలోని ఫరీదాబాదులో నున్నది. 2023 జూలై 1న ప్రారంభమైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము గిరిజన ప్రాంతములలో 7 కోట్లమందిని పరీక్షింపదలచినది. ఆంధ్రప్రదేశ్ మన్యపు పల్లెలును అందులో కలవు. ఇవి ఆగవలసిన పనులు కావు.

కాని సాధనము లేక కాదు, తలపు లేకయే సమ్మతి కొరవడుచున్నది. దస్తావేజులో షరతులు విడివిడిగా వ్రాయుట పల్లెకు తెలిసిన పద్ధతియే. ఈ రోగపరీక్షకు మాత్రము ఇచ్చితిని. ఈ రోగమునకు సంబంధించిన పరిశోధనకు ఇచ్చితిని. ఇతర పరిశోధనకు మరల అడిగి పుచ్చుకొనవలెను. వర్తకమునకు ఈయను అని నాలుగు గడులు పెట్టి, ఒక్కొక్కదాని యెదుట వేరువేరుగా నిశాని తీసికొనుట కష్టమైన పని కాదు. మైనరు బిడ్డ పక్షమున తండ్రి చేసిన సంతకమును ఆ బిడ్డ యుక్తవయస్సు వచ్చినపుడు మరల అడిగి ధ్రువపరచుకొనుటయు అట్టిదే.

అడుగకున్న కలుగు కీడు ఎట్టిదో ఒక్క కుటుంబమును ఊహించి చూడవచ్చును. ఒక ఊరిలో వైద్యశిబిరము జరిగినది. పెద్ద కుమారుడు రక్తమిచ్చినాడు. అతనియందు ఒక దోషమునకు మోపరితనము కలదని తేలినది. మోపరి రోగి కాడు. ఆ దోషము అతనిని ఏమియు చేయదు. భార్యాభర్తలిరువురును మోపరులైననే బిడ్డలకు భయము. కాని ఆ కాగితము శిబిరపు బల్లమీద పడియుండగా పొరుగువాడు చూచినాడు. పక్షము తిరుగకమునుపే చెల్లెలికి కుదిరిన సంబంధము తప్పినది. ఆ పిల్ల రక్తము ఎవరును పరీక్షింపలేదు, ఆమె ఏ కాగితముమీదను సంతకము చేయలేదు. అయినను శిక్ష ఆమెకు పడినది. వ్యాధికన్న వదంతి ముందు నడచును. సికిల్ సెల్ కార్డులు పంచు పల్లెలలో ఆ కార్డు ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్నకు ఇందువలననే ఇంత ప్రాముఖ్యము. భీమా విషయములోను ఇట్టిదే భయము. జన్యుదోషమను నెపముతో ఆరోగ్య భీమా క్లెయిములను తిరస్కరింపరాదని భీమా నియంత్రణ సంస్థ 2018లో కంపెనీలను ఆదేశించినది. కాని ఉద్యోగములోగాని, వివాహములోగాని జన్యుభేదమును బట్టి వివక్ష చూపరాదని అమెరికాలో 2008లో వచ్చిన చట్టమువంటి ప్రత్యేక చట్టము ఈ దేశమున లేదు. ఆ చట్టమైనను ఉద్యోగమునకును ఆరోగ్య భీమాకును రక్షణయే గాని, వివాహమునకు ఏ చట్టమును రక్షణ కాజాలదు. అచ్చట రక్షణ గోప్యత ఒక్కటియే.

కావున రక్తము ఇచ్చువాడు ఇచ్చుటకు ముందు ఆరు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది, ఈ రక్తము ఏ పరీక్షకు? రెండవది, పరీక్ష యైనపిదప మిగిలిన రక్తమును పారవేయుదురా, దాచుదురా? మూడవది, దాచినచో ఎచ్చట, ఎంతకాలము, ఎవరి బాధ్యతపై? నాలుగవది, పేరు ఊరు తీసివేసి దాచుదురా, పేరుతోనే దాచుదురా? ఐదవది, రేపు వలదనుకొన్నచో ఎవరికి వ్రాయవలెను? ఆరవది, ఈ పత్రపు నకలు తెలుగులో ఇత్తురా? ఈ ఆరింటికిని జవాబు చెప్పగల వైద్యుని నమ్మవచ్చును. జవాబు చెప్పుటకు విసుగుకొనువాని యెదుట తొందరపడి చేయి చాపరాదు. ఇంటికి వచ్చి తోబుట్టువులతో ఒక మాట చెప్పుట శాసనము విధింపని ధర్మము. ఉమ్మడి ఆస్తిని గూర్చి వాటాదారులకు చెప్పుట కుటుంబ మర్యాద.

ఈ కార్యమున గ్రంథాలయము చేయదగిన సహాయము కలదు. గర్భస్థ పరీక్షల చట్టము, 2023 నాటి సమాచార రక్షణ చట్టము, వైద్య పరిశోధనా మండలి నియమావళి మొదలగువాని ముఖ్యాంశములను తెలుగున వ్రాయించి ఒక అరలో నుంచవచ్చును. వైద్యశిబిరము వచ్చునపుడు ఖాళీ సమ్మతి పత్రమును రెండు దినములు ముందుగా తెప్పించి, పఠన మందిరమున అందరికిని చదివి వినిపింపవచ్చును. ఖాళీ పత్రమును బహిరంగముగా చదువుటలో ఎవరి రహస్యమును లేదు. నింపిన పత్రము మాత్రము వేరు. చదువురాని వృద్ధురాలు తన పత్రము చదివిపెట్టుమని కోరినచో, చదివినవాడు చదివినదానిని ఆ గడపలోనే మరచిపోవలెను. అట్టి నోటి కట్టుబాటు గల ఇద్దరు ముగ్గురు స్త్రీపురుషులను గ్రామము ఎన్నుకొనినచో, నియమావళి కోరు పక్షపాతము లేని సాక్షి ఈ ఊరిలోనే దొరకును.

గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొన్నవాడు దానికి యజమాని కాడు. చదువుకొనుటకు తీసికొనును, గడువు తేదీకి తిరిగి ఇచ్చును, పుటలు చింపడు, మరియొకరికి అమ్మడు. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ ఊరివారు ఈ నియమమును పాటించుచున్నారు. తలిదండ్రులు వ్రాసి యిచ్చిన రక్తగ్రంథమును ఎరువు తీసికొను ప్రయోగశాలయు, ఆస్పత్రియు, ప్రభుత్వమును ఈ చిన్న నియమమును పాటింపవలెనని కోరుట గొంతెమ్మ కోరిక కాదు. ఆ కోరికను తెలుగులో, తెలిసిన మాటలలో, తలవంచక అడుగగల పాఠకులను ఈ గ్రంథాలయము ఇంకను అనేక సంవత్సరములు తీర్చిదిద్దుగాక.

స్వస్తి.